బెంగళూరు ఫ్లాట్‌లో మొదటి మాన్‌స్టెరా పెట్టుకునేవాళ్లకి

ఊళ్లో పెరట్లో మందారం, కరివేపాకు, అరటి వాటంతట అవే పెరగడం చూసి పెరిగినవాళ్లం మనం. గిన్నెలు కడిగిన నీళ్లు ఆ వైపు పారేవి, అవి బతికేవి, అంతే, ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు. తీరా బెంగళూరు వచ్చి మారతహళ్లిలోనో మహదేవపురలోనో ఏడో ఫ్లోర్‌లో ఫ్లాట్ తీసుకుని, హాల్లో మూల ఖాళీగా ఉందని మాన్‌స్టెరా అనే చీలికలు, చిల్లులుండే పెద్దాకుల మొక్క ఒకటి తెచ్చి పెడితే నాలుగు నెలల్లో పోద్ది, ఇంక నా చేతికి మొక్కలు రావు అని ఫిక్స్ అయిపోతారు. చేతిలో ఏం ఉండదండి. ఆ మొక్క ఎక్కడిది, అక్కడ దాని వేర్లు ఎలా బతుకుతాయి అన్నది ఎవరూ చెప్పకుండా అమ్మేస్తారు, అదే అసలు సమస్య.

నా మొదటి మాన్‌స్టెరా 2021లో కొన్నాను, అది కూడా నాలుగు నెలలే ఉంది. నల్ల కవర్లో ఎర్రమట్టితో ఇచ్చారు, దానికి జతగా తెల్లటి సెరామిక్ కుండీ, చాలా అందంగా ఉంది. అమ్మ తులసికోటలో పోసినట్టు రోజూ పొద్దున్నే ఒక గ్లాసు నీళ్లు పోసేదాన్ని. కింది ఆకు పసుపు అయింది, దాహం వేస్తుందేమో అనుకుని రెండు గ్లాసులు పోశాను. తర్వాత ఇంకో ఆకు, ఇంకో ఆకు. చివరికి పీకి చూస్తే వేర్ల మీద తోలు ఊడొచ్చి లోపల దారంలాంటిది మిగిలింది, మురిక్కాలవ వాసన. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెప్తే ఆవిడ అడిగిన మొదటి మాట, "కుండీకి అడుగున కన్నం ఉందా అమ్మా?" లేదన్నాను. "మరి పోసిన నీళ్లు ఎటు పోతాయే?"

ఆ ప్రశ్న దగ్గరనుంచే మొదలుపెడదాం.

మాన్‌స్టెరా సొంతూరు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వాన అడవులు. అక్కడ ఇది నేలమీద కుదురుగా నిలబడే మొక్క కాదు, పాకే తీగ. పెద్ద చెట్టు మొదట్లో మొలిచి, ఆ చెట్టు కాండాన్ని పట్టుకుని పైకెక్కుద్ది. మర్రిచెట్టుకి వచ్చినట్టు కాండం నుంచి ఊడలు దిగుతాయి, కొన్ని చెట్టు బెరడుని పట్టుకుంటాయి, కొన్ని నేలదాకా వస్తాయి. నేలలో ఉన్న వేర్లు కూడా రాలిన ఆకులు, కుళ్లిన పుల్లలు, బెరడు ముక్కల మధ్యలో ఉంటాయి, మన ఎర్రమట్టి ముద్దలాంటిది కాదు ఆ నేల. వాన పడుద్ది, జారిపోద్ది, గాలి తగులుద్ది. మళ్లీ వాన. ఈ మూడూ ఉంటేనే ఆ వేరు బతికేది. మన కుండీలో నీళ్లు నిలబడితే మట్టి సందుల్లో ఉండాల్సిన గాలి పోయి, వేరు ఊపిరాడక చచ్చి, ఆ చచ్చినదాని మీద కుళ్లు పడుద్ది. అందుకే నీళ్లు ఎంత పొయ్యాలి అని అడిగేకంటే వేరుకి గాలి ఎలా అందుద్ది అని అడగండి, మిగతావన్నీ దాన్నిబట్టే తేలిపోతాయి.

మా అమ్మ దీన్ని చిల్లుల చేమ అంటుంది. ఆవిడకి తెలియకుండానే శాస్త్రం ప్రకారం కరెక్ట్ మాట అన్నది, ఎందుకంటే చేమ, కంద, మనీ ప్లాంట్, ఆంథూరియం, పీస్ లిల్లీ, ఈ మాన్‌స్టెరా అన్నీ ఒకే కుటుంబం. కంద తరిగితే చేతులు దురద పెడతాయి కదా, దానికి కారణం కాల్షియం ఆక్సలేట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు, అవే దీని ఆకులోనూ కాడలోనూ ఉంటాయి. పాకే పిల్లలు, పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో అయితే దీన్ని అందని ఎత్తులో పెట్టండి, నమిలితే నోరు, గొంతు మండి వాచిపోతాయి. కాడలు కత్తిరించాక మీరు కూడా చెయ్యి కడుక్కోకుండా కళ్లు నులుముకోకండి.

కొనడం గురించి

బెంగళూరులో మొక్కలు కొనడానికి నాకు నచ్చిన చోటు లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర వైపు ఉన్న నర్సరీలు. జనవరి, ఆగస్టుల్లో లాల్‌బాగ్ ఫ్లవర్ షో జరిగేటప్పుడు వెళ్తే జనం తొక్కిడి ఎక్కువ కానీ చాలా రకాలు చూడొచ్చు. గోదావరి జిల్లాలవాళ్లయితే ఇంటికెళ్లినప్పుడు కడియం నుంచి తెచ్చుకోవచ్చు. మొదటిసారి మాత్రం ఆన్‌లైన్లో వద్దు, మొక్కని కళ్లతో చూసి, చేత్తో ఎత్తి చూసి కొనాలి. ఇక విత్తనాలు అస్సలు వద్దు, మాన్‌స్టెరా విత్తనం ఆరితే త్వరగా పనికిరాకుండా పోద్ది, నీలం రంగు మాన్‌స్టెరా విత్తనాలు అని ఫొటోలు పెట్టి అమ్మేవి అయితే పూర్తిగా మోసం, అలాంటి మొక్కే లేదు.

ఒకే పేరు చెప్పి మూడు నాలుగు రకాలు అంటగడతారు, అందుకని పోలికలు చెప్తాను. మనకి కావాల్సింది మాన్‌స్టెరా డెలిషియోసా, దాని ఆకు చీలికలు అంచుదాకా వస్తాయి, ముదిరిన మొక్క అయితే నడిమి ఈనె పక్కన విడిగా చిన్న చిల్లులు కూడా ఉంటాయి. సెలోమ్ అని ఇంకో మొక్క ఉంది, దాని ఆకు అంచులు అప్పడం వేగినట్టు ముడతలు ముడతలుగా ఉంటాయి, లోపల చిల్లులు ఉండవు, అది బాల్కనీ ఎండకి మంచి మొక్కే కానీ హాల్లోకి సరిపడదు. మినీ మాన్‌స్టెరా అని అమ్మేది ఈ జాతి కానే కాదు, రాఫిడోఫోరా అనే వేరే తీగ. ఆకు నిండా అంచుదాకా తెగని చిల్లులతో సన్నగా ఉండేది అడాన్‌సోనై, అది నిజంగా మాన్‌స్టెరానే, పెంచొచ్చు. తెల్ల మచ్చల రకాలు చూస్తే మనసు లాగుద్ది, కానీ ఆకులో తెల్లగా ఉన్న చోట పచ్చదనం లేదు కాబట్టి అది తిండి తయారుచెయ్యలేదు, మెల్లగా పెరుగుద్ది, త్వరగా పాడవుద్ది, రేటు కూడా ఎక్కువ. ముందు పచ్చదాన్ని ఒక ఏడాది బతికించాక అటు చూడండి.

మొక్క ఎంచుకునేటప్పుడు ఎన్ని ఆకులున్నాయి అన్నదానికంటే కొత్త ఆకు చుట్ట చుట్టుకుని బయటికొస్తోందా అన్నది చూడండి. కాడ మొదట్లో, ఆకు వెనక ఈనెల పక్కన తెల్లటి దూదిలాంటిది ఉంటే అది పిండినల్లి, ఆ మొక్క వద్దు, పక్కనున్నది కూడా వద్దు. కుదురు దగ్గర కాండం వేలితో నొక్కితే మెత్తగా ఉంటే వదిలెయ్యండి. చిల్లులు లేని చిన్న గుండెకాయ ఆకులతో ఉన్నా పర్లేదు, అది పసిది అంతే. నేను రెండోసారి తెచ్చినది అలాంటిదే, మూడు ఆకులు, ఒక్కదానికీ చిల్లు లేదు.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా పెట్టండి. పురుగు ఏదైనా ఉంటే ఈలోపు బయటపడుద్ది. తెచ్చిన రోజే కుండీ మార్చెయ్యకండి, నర్సరీ షేడ్ నెట్ కింద నుంచి మీ హాల్లోకి రావడమే దానికి పెద్ద మార్పు.

ఎక్కడ పెట్టాలి

ఇంట్లో పెంచే మొక్క అంటే నీడలో పెంచేది అనుకుంటారు, అది సగమే నిజం. అడవిలో మొలక చిన్నప్పుడు నీడలోనే ఉంటది, ఇంకా చెప్పాలంటే ఈ జాతిలోనే ఒక రకం మొలకలు కావాలని చీకటి వైపుకే పాకుతాయని 1975లో సైన్స్ పత్రికలో వచ్చింది, ఎందుకంటే అడవిలో అన్నిటికంటే చీకటిగా కనపడేది పెద్ద చెట్టు మొదలే, అటు పాకితే ఎక్కడానికి చెట్టు దొరుకుద్ది. చెట్టు దొరికాక మాత్రం వెలుతురు కోసం పైకే పోద్ది. కాబట్టి ఇంట్లో దానికి వెలుతురు బాగా కావాలి, నెత్తిన మధ్యాహ్నపు ఎండ పడకూడదు, అంతే.

తూర్పు కిటికీ బెస్ట్, పొద్దున తొమ్మిదిన్నర దాకా వచ్చే ఎండ ఏం చెయ్యదు. పడమర కిటికీ అయితే పల్చటి కర్టెన్ వెయ్యండి, లేదా నాలుగడుగులు లోపలికి జరపండి. ఉత్తరం, దక్షిణం కిటికీల విషయంలో బెంగళూరులో ఒక తిరకాసు ఉంది. మనం దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, ఏప్రిల్ 24, 25 దగ్గర ఒకసారి, ఆగస్టు 18 దగ్గర ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నీడే పడదు, జీరో షాడో డే అని పిల్లలకి చూపిస్తారు కదా అదే. ఈ రెండు తేదీల మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణం వైపు. అంటే ఎప్పుడూ ఎండ రాదనుకున్న ఉత్తరం కిటికీలోకి మే, జూన్‌లో ఏటవాలుగా ఎండ వచ్చేస్తది, డిసెంబర్, జనవరిలో దక్షిణం కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా పాకుద్ది. పోయిన నెల బాగున్న మొక్క ఈ నెల మాడిందేంటి అంటే చాలాసార్లు కారణం ఇదే. మాడిన చోట ఆకు మీద ఇస్త్రీపెట్టె అంటుకున్నట్టు గోధుమరంగు మచ్చ పడుద్ది, అది మళ్లీ పచ్చగా అవ్వదు.

వెలుతురు చాలుతుందా లేదా అన్నదానికి నేను చేసే టెస్ట్, పన్నెండు గంటలప్పుడు లైట్ వెయ్యకుండా మొక్క ఉన్నచోట కూర్చుని పేపర్ హాయిగా చదవగలగాలి, ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే నీడ పడాలి కానీ దాని అంచులు మసకగా ఉండాలి. అసలు నీడే పడకపోతే చీకటి ఎక్కువ, మొక్క చావదు కానీ కాడలు పొడుగ్గా సాగి ఆకులు చిన్నగా వస్తాయి.

మట్టి, కుండీ

ఈ మొక్కకి డబ్బు, టైం ఎక్కడైనా పెట్టాలంటే ఇక్కడ పెట్టండి. నర్సరీ ఎర్రమట్టి తడిస్తే ముద్ద, ఆరితే ఇటుక. దాన్ని మార్చాల్సిందే.

నేను కలిపేది గిన్నె కొలతతో చెప్తాను. కొబ్బరి పీచు పొట్టు అంటే కోకోపీట్ మూడు గిన్నెలు, కొబ్బరి డొక్క ముక్కలు అంటే కోకో చిప్స్ రెండు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గింజలు రెండు, వర్మీకంపోస్ట్ రెండు, చిదిపిన కట్టెబొగ్గు ఒకటి, పైన గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకని బకెట్ నీళ్లలో నానబెట్టి పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఇంకోసారి నానబెట్టి పిండాలి, ఎందుకంటే కొబ్బరి పీచులో ఉప్పు ఉంటది, అది కడగకుండా వాడితే ఆకు చివర్లు మాడతాయి. పెర్లైట్ ముందుగా కాస్త నీళ్లు చల్లి తడపండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. పెర్లైట్ దొరక్కపోతే ఇటుక చిన్న ముక్కలు, పగిలిన మట్టికుండ పెంకులు శనగగింజంత సైజులో కొట్టి వేసుకోవచ్చు, బరువు పెరుగుద్ది తప్ప పని అవుద్ది. కలిపాక గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కి వదిలితే విడిపోవాలి, లడ్డూలా నిలబడితే ఇంకా చిప్స్ వెయ్యండి.

కుండీ అడుగున రాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా దిగుతాయి అని చాలామంది చెప్తారు, నేనూ వేసేదాన్ని. అది పని చెయ్యదు. సన్నటి మట్టి నుంచి పెద్ద రాళ్లలోకి నీళ్లు అంత తేలిగ్గా దిగవు, పైన మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే ఆగుతాయి, అంటే తడి నిలిచే చోటు ఇంకా వేర్లకి దగ్గరగా వస్తది. చిల్లులు మూసుకుపోకుండా ఒక చిన్న వల ముక్క వేస్తే చాలు.

కుండీ సైజు వేర్ల ముద్దకంటే చుట్టూ ఒక అంగుళం, అంగుళంన్నర ఎక్కువ ఉండాలి, అంతకంటే పెద్దది వద్దు. ఎలాగూ పెరుగుద్ది కదా అని పెద్ద కుండీలో పెడితే వేర్లు లేని మట్టి రోజుల తరబడి తడిగా ఉంటది. మట్టికుండీ గోడల్లోంచి కూడా ఆరుద్ది కాబట్టి నీళ్లు ఎక్కువ పోసే అలవాటున్నవాళ్లకి అది మంచిది. ప్లాస్టిక్ తేలిక, ఎత్తి బరువు చూడొచ్చు. చిల్లులేని అందమైన సెరామిక్ కుండీ మీ దగ్గర ఉంటే పారెయ్యక్కర్లేదు, చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి దాన్ని ఇందులో కూర్చోబెట్టండి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తియ్యండి.

మార్చే రోజుకి ముందురోజు నీళ్లు పొయ్యండి, సాయంత్రం పూట మార్చండి. పాత మట్టిని వేళ్లతో మెల్లగా విడదీయాలి, వేర్లు రెండు మూడు తెగినా కంగారు పడకండి. తెల్లగా, లేత గోధుమరంగులో గట్టిగా ఉన్నవి మంచివి, నల్లగా మెత్తగా ఉన్నవి కత్తిరించెయ్యండి, కత్తెర స్పిరిట్‌తో తుడిచి వాడండి. పాత మట్టి కాండం మీద ఎంతవరకు ఉందో అంతవరకే కొత్త మట్టి, పైకి పూడ్చకూడదు. మట్టి వేసి కుండీని నాలుగుసార్లు నేలమీద తట్టండి, చేత్తో అదిమి నొక్కొద్దు, గాలి కోసమే కదా ఇంత కష్టపడింది. చివర్లో మగ్గు నీళ్లు పోస్తే కొద్ది క్షణాల్లోనే అడుగునుంచి కారడం మొదలవ్వాలి.

నీళ్లు

నేను వెళ్లే నర్సరీ పెద్దాయనది చిత్తూరు వైపు. రెండోసారి కొన్నప్పుడు ఆయన అన్నమాట, "దినామూ నీళ్లు పొయ్యాకమ్మా, పుల్ల గుచ్చి చూసి పొయ్యి." అదే పద్ధతి ఇప్పటికీ. కొత్త చీపురు పుల్ల ఒకటి కుండీ అంచువైపు నాలుగంగుళాలు లోపలికి గుచ్చి, పది నిమిషాలుంచి తియ్యండి. తడిగా, మట్టి అంటుకుని వస్తే ఇవాళ వద్దు. పొడిగా వస్తే, లేదా చివర్లో మాత్రమే కాస్త చెమ్మ ఉంటే పొయ్యండి. పోసినప్పుడు సగం గ్లాసు చిలకరించడం కాదు, అడుగునుంచి ధారగా కారేదాకా పొయ్యాలి, కింద ప్లేట్లో చేరిన నీళ్లు పావుగంట తర్వాత పారబొయ్యాలి.

నా హాల్లో మార్చి, ఏప్రిల్‌లో ఐదారు రోజులకోసారి పడుద్ది. జూన్ నుంచి వానలు, మబ్బులు కదా, ఎనిమిది తొమ్మిది రోజులు. డిసెంబర్, జనవరిలో రాత్రి 15, 16 డిగ్రీలకి పడిపోయినప్పుడు మొక్క తాగడం బాగా తగ్గిపోద్ది, అప్పుడు రెండు వారాలు కూడా ఆగాను. ఈ లెక్కలు మీ ఇంట్లో వేరేగా ఉంటాయి, పుల్లని నమ్మండి, క్యాలెండర్‌ని కాదు. చలికాలం వేరుకుళ్లు ఎక్కువ రావడానికి కారణం ఎండాకాలం అలవాటునే జనవరిలో కూడా కొనసాగించడం.

నీళ్ల రకం కూడా ముఖ్యమే. కావేరి నీళ్లు వచ్చే ఏరియా వాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. ట్యాంకర్, బోరు నీళ్ల అపార్ట్‌మెంట్లలో ఉప్పు ఎక్కువ, ట్యాప్‌కి తెల్లగా పేరుకుంటది చూడండి, అదే కుండీ మట్టి మీద కూడా పేరుకుని వేర్లని కాలుస్తది. నెలకోసారి కుండీని బాత్రూంలో పెట్టి, మామూలుగా పోసేదానికి మూడు నాలుగింతలు నీళ్లు నిదానంగా పోసి ఉప్పు కడిగెయ్యండి. ఆర్వో నుంచి బయటికొచ్చే వేస్ట్ నీళ్లు మాత్రం వద్దు, అందులో ఉప్పు మామూలు నీళ్లకంటే ఎక్కువ ఉంటది. 2024 మార్చిలో నగరంలో నీళ్లకి కటకటైనప్పుడు తాగే నీళ్లు మొక్కలకి పోస్తే 5,000 రూపాయల ఫైన్ అని జలమండలి ఆర్డర్ వేసింది గుర్తుందా, అప్పటినుంచి కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి వాడుతున్నా. ఏసీ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, ఈ మొక్కకి చక్కగా పడుద్ది. బియ్యం కడుగు అప్పుడప్పుడు పొయ్యొచ్చు కానీ అప్పటికప్పుడు పొయ్యాలి, పులిసిన కడుగు పోస్తే చిన్న నల్ల ఈగలు చేరతాయి.

ఆకు భాష కొంచెం నేర్చుకుంటే భయం పోద్ది. మట్టి తడిగా ఉండి కింది ఆకులు వరసగా పసుపు అవుతున్నాయంటే నీళ్లెక్కువ. కుండీ ఎత్తితే తేలిగ్గా ఉండి, ఆకు అంచులు కరకరలాడేలా ఎండుతున్నాయంటే నీళ్లు తక్కువ, లేదా ఉప్పు. ఎప్పుడో ఒక ముసలి ఆకు పండి రాలితే అది మామూలే. పొద్దున్నే ఆకు చివర నీటిబొట్టు వేలాడుతుంటే రోగం కాదు, రాత్రి తాగిన నీళ్లు ఎక్కువై ఆకు అంచునుంచి బయటికి తోసింది, చేమాకుల మీద కూడా చూసే ఉంటారు. మార్చి మధ్యాహ్నాల్లో ఇక్కడ గాలిలో తేమ బాగా పడిపోయినప్పుడు స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద కొడుతుంటారు, అది పది నిమిషాల్లో ఆరిపోద్ది, ఉపయోగం పెద్దగా లేదు. నాలుగైదు మొక్కలు దగ్గరదగ్గరగా పెడితే అంతకంటే మేలు.

ఎక్కడానికి ఒక కర్ర

సీసాలో ఉన్న మనీ ప్లాంట్ ఆకు తమలపాకంత ఉంటది. అదే మనీ ప్లాంట్ ఊళ్లో కొబ్బరిచెట్టు ఎక్కితే ఆకు విస్తరాకంత అవ్వడం చూసే ఉంటారు. మాన్‌స్టెరా కూడా అంతే, పట్టుకుని ఎక్కడానికి ఏదైనా దొరికితేనే పెద్ద ఆకులు వేస్తది. నర్సరీల్లో కొబ్బరిపీచు చుట్టిన కర్రలు అమ్ముతారు, రెండడుగులది చాలు మొదట్లో, కుండీ మార్చేటప్పుడే గుచ్చెయ్యండి, తర్వాత గుచ్చితే వేర్లు తెగుతాయి. కాండానికి ఆకులు ఒక వైపు వస్తే ఊడలు దాని వెనక వైపు వస్తాయి, ఆ వెనక వైపుని కర్రకి ఆనించాలి. పాత కాటన్ చీర అంచు సన్నగా చింపి కాండాన్ని వదులుగా కట్టండి, ఆకు కాడని కట్టకండి, అది వెలుతురు వైపుకి తిరుగుతూ ఉండాలి. కర్రని అప్పుడప్పుడు తడిపితే ఊడలు దాన్ని పట్టుకుంటాయి. పొడుగ్గా వేలాడే ఊడలు చూడ్డానికి బాగాలేవని కోసెయ్యొద్దు, మట్టిలోకి వంచి గుచ్చండి, అది కూడా నీళ్లు తాగుద్ది.

చిల్లులెప్పుడొస్తాయి అని అందరూ అడుగుతారు. ఒకసారి విచ్చుకున్న ఆకుకి తర్వాత చిల్లు రాదు, చుట్టలో ఉన్నప్పుడే చిల్లులతో తయారై వస్తది. కాబట్టి పాత ఆకుని చూస్తూ కూర్చోకండి, కొత్త ఆకు కోసం చూడండి. నా మొక్కకి ఆరో ఆకుకి మొదటి చీలిక వచ్చింది. అసలు చిల్లులెందుకు అన్నదానికి 2013లో క్రిస్టఫర్ మ్యూర్ అనే పరిశోధకుడు చెప్పిన లెక్క నాకు బాగా నచ్చింది. అడవి కింద ఎండ చుక్కలు చుక్కలుగా, అదృష్టం ఉంటే పడుద్ది. అంతే ఆకు పదార్థాన్ని చిల్లులతో ఎక్కువ జాగాలో పరిస్తే ఏదో ఒక చుక్క తగిలే అవకాశం పెరుగుద్ది, ఒకరోజు విందు ఒకరోజు పస్తు అన్నట్టు కాకుండా రోజూ కొంచెం దొరుకుద్ది.

ఎరువు గురించి ఎక్కువ ఆలోచించకండి. మార్చి నుంచి అక్టోబర్ దాకా నెలకోసారి 19:19:19 పొడి, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉన్న ఎరువు, లీటరు నీళ్లకి అర గ్రాము, తడి మట్టి మీదే పొయ్యాలి. లేదంటే రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్. చలికాలం ఏమీ వద్దు. కుండీ మార్చిన నెలన్నర వరకు కూడా వద్దు.

వారానికోసారి తడిగుడ్డతో ఆకులు రెండువైపులా తుడవండి, మెరవాలని కొబ్బరినూనె, పాలు రాయకండి, దుమ్ము ఇంకా అంటుకుంటది. ఈ తుడిచే పనిలోనే పురుగు ముందుగా కనపడుద్ది. పిండినల్లి కనపడితే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచెయ్యండి. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి బాగా గిలక్కొట్టి, సాయంత్రం పూట ఆకు వెనక కూడా తడిసేలా కొట్టాలి, వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఒక్కసారి కొట్టి ఆపేస్తే గుడ్లలోంచి మళ్లీ వస్తాయి. ఆకు మీద వెండిరంగు గీతలు, మధ్యలో నల్లటి చుక్కలు కనపడితే అవి తామర పురుగులు, ఇవి మొండివి, మొక్కని విడిగా పెట్టి ఇదే మందు ఇంకా ఎక్కువ వారాలు కొనసాగించండి.

సంక్రాంతికి పదిరోజులు ఊరెళ్తే ఏం చెయ్యాలి అని భయపడతారు. ముందురోజు రాత్రి పుల్ల గుచ్చి చూసి, అవసరమైతే నిండా నీళ్లు పోసి, కిటికీకి రెండడుగులు దూరం జరిపి తాళం వేసుకుని వెళ్లిపోండి. జనవరి చలిలో పదిరోజులకి దానికేం కాదు. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి రోజూ నీళ్లు పొయ్యమంటే పాపం వాళ్లు ప్రేమగా రోజూ పోస్తారు, అదే ప్రమాదం.

ఏడాదిన్నర తర్వాత నా మొక్క కర్ర దాటిపోయింది. కొమ్మ కత్తిరించి కొత్త మొక్క చెయ్యాలంటే కణుపు ఉండాలి, ఊడ ఉన్న కణుపు అయితే మరీ మంచిది. ఒట్టి ఆకు, కాడ మాత్రమే సీసాలో పెడితే నెలలపాటు పచ్చగా ఉంటది కానీ దాంట్లోంచి మొక్క రాదు. జూన్ నుంచి సెప్టెంబర్ లోపు కణుపుకి కింద అంగుళం వదిలి కోసి, కోసిన చోటు రెండు గంటలు ఆరనిచ్చి, గాజుసీసాలో కణుపు మునిగేలా పెట్టాను, నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాను. ఐదు వారాలకి మూడంగుళాల వేర్లు వచ్చాయి. అక్టోబర్‌లో అమ్మ ఇక్కడికొచ్చి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి తిరిగి వెళ్తుంటే, వేర్లకి తడిగుడ్డ చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. కుండీ, కోకోపీట్, పెర్లైట్ అన్నీ వివరంగా చెప్పాను, ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టింది. పోయిన సంక్రాంతికి వెళ్లి చూస్తే కుండీ లేదు, ఏం లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో, ఎండుటాకులూ కొబ్బరిపీచూ పోగేసిన చోట నాటేసింది. చెట్టుని పట్టుకుని నా భుజందాకా ఎక్కేసింది, ఊడలు చెట్టు బెరడులోకి దిగిపోయి ఉన్నాయి, పై ఆకుకి ఈనె రెండుపక్కలా చిల్లులు.

"చేమ కదే, చెట్టు మొదట్లో పెట్టక ఎక్కడ పెడతారు" అంది.